మట్టిలో మిగిలేది: నగరం మురుగు, రైతు పొలం

సాహిత్య విద్యార్థులు సాధారణంగా దాటవేసే కొన్ని పేజీలతో ఈ చర్చ మొదలుపెట్టాలి. 'బీదలపాట్లు' పేరుతో తెలుగువారికి పరిచయమైన విక్టర్ హ్యూగో నవల 1862లో వెలువడింది. అందులో జాన్ వాల్జాన్ గాయపడిన మేరియస్‌ను భుజాన వేసుకొని పారిస్ భూగర్భంలోని మురుగు కాలువలోకి దిగుతాడు. పాఠకుడు ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలో హ్యూగో కథ ఆపేసి ఒక లెక్క చెబుతాడు. పారిస్ నగరం ఏటా రెండున్నర కోట్ల ఫ్రాంకులు నీళ్లపాలు చేస్తున్నదని ఆ లెక్క. నగరం సముద్రానికి వదిలేస్తున్న మలం నిజానికి పొలానికి చెందవలసిన సంపద అనీ, చైనా రైతుకు తెలిసిన ఈ సంగతి యూరప్ పాలకులకు తెలియలేదనీ ఆయన వాదన. ఇదంతా కథకు అడ్డం వచ్చిన ఉపన్యాసం అనుకొని పేజీలు తిప్పేసేవాళ్లే ఎక్కువ.

ఆ పేజీలకు చరిత్ర ఒక జవాబు రాసింది. పారిస్‌కు వాయవ్యాన పియెర్లే అనే మైదానం ఉన్నది. 1899 నుంచి దాదాపు నూరేళ్లపాటు పారిస్ మురుగునీరు ఆ పొలాలకు పారింది. ఇసుక నేలలు కూరగాయల తోటలయ్యాయి. హ్యూగో కోరినదే జరిగింది. కాని 2000లో ప్రభుత్వమే అక్కడ కూరగాయల సాగును నిషేధించింది. మట్టిలో సీసం, కాడ్మియం, జింకు, రాగి పేరుకుపోయాయి. తిండి పండించడానికి పనికిరాని ఆ మైదానంలో సుమారు 1,300 హెక్టార్ల మేర అడవి పెంచే పని 2019లో మొదలైంది.

హ్యూగో తప్పు చెప్పాడా? చెప్పలేదు. అయితే ఆయన కోరిక నెరవేరిన నేల ఎందుకు చెడింది? ఈ ప్రశ్న వ్యవసాయ శాస్త్రవేత్తలది మాత్రమే అనుకుంటే పొరపాటు. పల్లె నుంచి నగరం ఏం తీసుకుంటున్నది, తిరిగి ఏమిస్తున్నది అనేది మన సాహిత్యానికి మొదటి నుంచీ వస్తువే.

నగరానికి, పొలానికి మధ్య పేగు ఎప్పుడు తెగిందో ముందు చూడాలి. పందొమ్మిదో శతాబ్దపు మొదటి సగం వరకు లండన్‌లో ఇళ్ల గుంతల్లోని మలాన్ని రాత్రిపూట ఎత్తి బండ్లమీద ఊరి బయటి తోటలకు అమ్మేవారు. నగరం పెరిగింది. పొలం దూరమైంది, బండి కిరాయి గిట్టలేదు. పెరూ దీవుల నుంచి ఓడలమీద గ్వానో, అంటే పక్షి రెట్ట, దిగుమతి కావడం 1840లలో మొదలైంది. ఆ రెట్ట తవ్వడానికి చైనా నుంచి ఒప్పంద కూలీలను తీసుకొచ్చి దాదాపు బానిసలుగా చాకిరీ చేయించారు. ఇంగ్లండు పొలంలో గోధుమ పండాలంటే పసిఫిక్ దీవిలో ఒక కూలీ రెట్ట దుమ్ము పీల్చి చావవలసిన వ్యవస్థ అది.

ఇంకోపక్క నీళ్ల మరుగుదొడ్లు వచ్చాయి. ఇంటి మలం నేరుగా థేమ్స్ నదిలో కలిసింది. ఆ నది నీళ్లే తాగారు. కలరా మళ్లీ మళ్లీ నగరాన్ని ఊడ్చుకుపోయింది. 1858 వేసవిలో నది కంపు పార్లమెంటు కిటికీల దాకా వచ్చిన తర్వాతగాని చట్టసభ కదలలేదు. ఇంజనీరు బాజల్జెట్ నాయకత్వంలో లండన్ కింద బ్రహ్మాండమైన మురుగు కాలువలు కట్టారు. కలరా పోయింది. అది మానవజాతి సాధించిన నిజమైన విజయం, దాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. కాని ఆ కాలువలు మలాన్ని పొలానికి చేర్చలేదు, నగరానికి దిగువన నదిలోకి చేర్చాయి. 1887 నుంచి 1998 దాకా, అంటే నూటపది ఏళ్లకు పైగా, లండన్ మురుగు మడ్డిని ఓడల్లో తీసుకుపోయి సముద్ర ముఖంలో పోశారు.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ఈ పద్ధతిని దోపిడీ వ్యవసాయం అన్నాడు. తన వ్యవసాయ రసాయన గ్రంథానికి 1862లో వేసిన కూర్పులో ఇంగ్లండును సూటిగా విమర్శించాడు. హ్యూగో నవల వెలువడిన సంవత్సరమే అది. ధాన్యంగా, మాంసంగా, ఉన్నిగా పొలంలోని సారం నగరానికి పోతున్నది, తిరిగి రావడం లేదు. మార్క్సు లీబిగ్‌ను శ్రద్ధగా చదివాడు. 1867లో వచ్చిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో, పెట్టుబడిదారీ వ్యవసాయం కార్మికుణ్ణి దోచే కళలోనే కాక నేలను దోచే కళలో కూడా ముందడుగు వేసిందని తేల్చాడు. మనిషికీ నేలకూ మధ్య జరగవలసిన పదార్థాల మారకం తెగిపోయిందన్నాడు. ఎంగెల్స్ 1894లో ప్రచురించిన మూడో సంపుటంలో ఒక ఉదాహరణ కూడా ఉన్నది: 45 లక్షల లండన్ ప్రజల మలంతో థేమ్స్ నదిని భారీ ఖర్చుపెట్టి పాడుచేయడం తప్ప ఆ వ్యవస్థకు మరో దారి తోచలేదని.

తెగిన చోట అతకడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. పారిస్ పక్కన జెన్‌విలియేలో 1869 నుంచి మురుగు సేద్యం సాగింది. బెర్లిన్ చుట్టూ 1870ల నుంచి వేల హెక్టార్లలో మురుగు పొలాలు వెలిశాయి. మొదట్లో ఫలితాలు గొప్పగా ఉన్నాయి. నత్రజని వచ్చింది, భాస్వరం వచ్చింది, సేంద్రియ పదార్థం వచ్చింది. పంట విరగకాసింది.

అయితే ఆ కాలువలో పారుతున్నది మనుషుల మలం మాత్రమే కాదు. తోళ్ల కర్మాగారపు క్రోమియం, లోహపు పూత కార్ఖానా నికెల్, కాడ్మియం, రంగుల పరిశ్రమ సీసం, ఇళ్ల గొట్టాల నుంచి అరిగే రాగి, పైకప్పు రేకుల జింకు, వాన కడిగిన రోడ్ల మురికి — అన్నీ ఒకే కాలువ. కర్మాగారం యజమానికి అది దాదాపు ఉచితంగా దొరికిన చెత్తకుండీ. చైనా రైతు చేనికి మోసిన మలానికీ, పారిస్ కాలువ పియెర్లేకు మోసిన నీటికీ తేడా ఇక్కడే ఉన్నది. మొదటిది మనిషి శరీరం నుంచి వచ్చింది. రెండోది ఒక ఉత్పత్తి విధానం నుంచి వచ్చింది.

ఆ తర్వాత జరిగేదంతా మామూలు కూడికలు, తీసివేతలే. పంట కోసినప్పుడల్లా నత్రజని, పొటాషు కొంత పోతాయి. నత్రజని గాలిలోకీ, భూగర్భ జలంలోకీ కూడా పోతుంది. సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి. భాస్వరం నేలను అంటిపెట్టుకొని పేరుకుంటుంది. పంటకు కావలసిన నత్రజని లెక్క చూసి మడ్డి వేస్తే భాస్వరం అవసరానికి మించి పడుతుంది, ఆ మిగులు వాన నీటితో చెరువులకు చేరి నాచు పెంచుతుంది. ఇక లోహాలు. అవి కుళ్లవు, ఆవిరి కావు. పంట తీసుకుపోయేది వాటిలో అతి స్వల్పం. ఏటా కొంచెం వచ్చి చేరుతుంది, దాదాపు ఏమీ పోదు. అప్పులో వడ్డీ కట్టినా అసలు తీరని రైతు ఖాతా ఎట్లా ఉంటుందో ఆ మట్టి ఖాతా అట్లా ఉంటుంది.

ఈ ఖాతాను కళ్లకు కట్టించిన చోటు ఇంగ్లండులోని వోబర్న్. దాన్ని నడిపిన రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రాన్ని 1843లో స్థాపించిన లాస్, అంతకు ముందు సంవత్సరం సూపర్‌ఫాస్ఫేటు తయారీకి పేటెంటు పొందినవాడు. కృత్రిమ ఎరువుల వ్యాపారం పెట్టిన డబ్బుతో పుట్టిన సంస్థే మురుగు ఎరువు దీర్ఘకాలిక ఫలితాన్ని బయటపెట్టింది. దానికి కారణం అక్కడివాళ్లు నమూనాలు పారేయకపోవడం. దశాబ్దాల నాటి మట్టి, గింజ, గడ్డి సీసాల్లో పేర్లతో, తేదీలతో దాచి ఉంచారు.

యుద్ధం నడుస్తున్న 1942లో వోబర్న్ ఇసుక నేలలో కూరగాయల ప్రయోగం మొదలైంది. కొన్ని మళ్లకు పశువుల ఎరువు, కొన్నింటికి రసాయన ఎరువు, కొన్నింటికి లండన్ పశ్చిమ భాగపు మురుగు మడ్డి వేశారు. మడ్డి వేయడం 1961తో ఆపేశారు. మురుగు మడ్డి ఎరువుగా ఎంత మంచిదో తెలుసుకోవడం అప్పటి ఉద్దేశం. లోహాల సంగతి తరువాతి తరం అడిగిన ప్రశ్న.

ఆ తరం తవ్వి చూసినప్పుడు లోహాలు అక్కడే ఉన్నాయి. కొంత తగ్గినట్లు కనిపిస్తే, అది నేల లోపలికి ఇంకిపోయిందేమో అనుకున్నారు. తీరా చూస్తే నాగలి ఆ మట్టిని పక్క మళ్లలోకి జరిపింది, అంతే. 1984లో ప్రచురితమైన పరిశీలన ఇంకా ముందుకు వెళ్లింది. మడ్డి ఆపి ఇరవై ఏళ్లు దాటినా, ఆ మళ్లలో సూక్ష్మజీవుల రాశి పశువుల ఎరువు వేసిన మళ్లలో ఉన్నదానిలో సగమే. 1980ల చివర తెల్ల క్లోవర్ వేసి చూశారు. మన పెసర, జనుము లాగే అది వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని పట్టే మొక్క. మొక్క మొలిచింది, వేళ్లకు బుడిపెలు కూడా వచ్చాయి. కాని నత్రజని పట్టలేదు. లోహాలను తట్టుకొని బతికిన బ్యాక్టీరియా నత్రజని పట్టడం చేతకాని రకం మాత్రమే. పైకి అంతా సవ్యంగా ఉండి లోపల పని ఆగిపోయిన నేల అది.

శాస్త్రవేత్తల్లో ఇక్కడ రెండు వాదాలు పుట్టాయి. మడ్డిలోని సేంద్రియ పదార్థమూ ఖనిజాలూ లోహాలను పట్టి ఉంచుతాయి కనుక మొక్కలోకి ఎక్కేది ఒక మట్టం దగ్గర ఆగిపోతుందని ఒక వాదం. ఆ సేంద్రియ పదార్థం కుళ్లిపోయిన రోజున, నేల ఆమ్లంగా మారిన రోజున, పట్టి ఉన్న లోహం విడుదలవుతుందనీ, ఇది కాలం చూసి పేలే బాంబనీ రెండో వాదం. వోబర్న్‌లో 23 ఏళ్ల నమూనాలను పోల్చి 2000లో ప్రచురించిన ఫలితాలు రెండింటినీ తృప్తిపరచలేదు. జింకు, కాడ్మియం అందుబాటు ఏటికేడు పెరుగుతూ పోలేదు. తగ్గుతూ కూడా పోలేదు. ఎగుడుదిగుడుగా ఊగుతూ అట్లాగే ఉండిపోయింది. పేలుతుందన్న భయం నిజం కాలేదు, నయమవుతుందన్న ఆశా నిజం కాలేదు. మడ్డి వేసిన చేతులు పోయినా లోహం పోలేదు.

ఇప్పుడు రచయితలకు సూటిగా సంబంధించిన ఘట్టానికి వద్దాం. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మురుగును సూక్ష్మజీవులతో శుద్ధిచేసే కొత్త పద్ధతిని ప్రకటించారు. ప్రపంచ నగరాలన్నీ క్రమంగా దాన్ని అనుసరించాయి. నీరు ఎంత బాగా శుభ్రమైతే అడుగున అంత మడ్డి మిగులుతుంది. నీటిలోని లోహాల్లో ఎక్కువ భాగం ఆ మడ్డిలోకే దిగుతుంది. అమెరికా 1972లో చేసిన స్వచ్ఛజల చట్టం నదులను కాపాడింది, మడ్డి గుట్టలను పెంచింది. 1988లో ఆ మడ్డిని సముద్రంలో పోయడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. సముద్రం తలుపు మూసుకున్నది. తెరిచి ఉన్న తలుపు రైతు పొలం.

కాని మురుగు మడ్డి అంటే ఏ రైతు తీసుకుంటాడు, ఏ ఊరు ఒప్పుకుంటుంది? అప్పుడు అక్కడి మురుగుశుద్ధి పరిశ్రమ సంఘం కొత్త పేరు కోసం వెతికింది. 250కి పైగా ప్రతిపాదనలు వచ్చాయి. 1991లో 'బయోసాలిడ్స్' అనే మాట ఎంపికైంది. మురుగు పోయింది, మడ్డి పోయింది, జీవమూ ఘనమూ మిగిలాయి. 1993లో వచ్చిన ప్రభుత్వ నిబంధన మాత్రం తన శీర్షికలో మురుగు మడ్డి అనే రాసుకున్నది. చట్టానికి వస్తువు పేరు కావాలి. అమ్మేవాడికి వేరే పేరు కావాలి.

మన పల్లె భాషను దీని పక్కన పెట్టి చూడండి. 'పెంట' అంటే ఎరువూ, పెంట అంటే అశుద్ధమూ. చేనికి పెంట తోలామని చెప్పే రైతు ఆ రెండర్థాలనూ ఒకే మాటలో పట్టుకుంటాడు. ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటే ఎరువు, ఉండరాని చోట ఉంటే అశుద్ధం అని ఆ మాటకు తెలుసు. వస్తువు నుంచి పుట్టిన మాట నిజం చెబుతుంది. అమ్మకం నుంచి పుట్టిన మాట నిజాన్ని కడిగి ఆరేస్తుంది. ఈ తేడా చెప్పలేని విమర్శ ఎంత శైలీశాస్త్రం చదివినా దండగే.

కొత్త పేరు పెట్టిన మడ్డి ఎవరి నేలకు చేరింది? న్యూయార్కు నగరపు మడ్డి 1992 నుంచి 2001 దాకా రైలెక్కి టెక్సాస్ ఎడారి అంచున సియెర్రా బ్లాంకా అనే చిన్న ఊరికి చేరింది. అక్కడి జనంలో ఎక్కువమంది మెక్సికన్ మూలాలున్న పేదలు. మడ్డికి కూడా వర్గం తెలుసు, జాతి తెలుసు.

నిబంధనల్లోని అంకెలు కూడా చదవదగ్గవే. యూరప్ దేశాల కూటమి 1986లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, మడ్డి వేసే పొలంలో కాడ్మియం కిలో మట్టికి 1 నుంచి 3 మిల్లీగ్రాములు దాటరాదు. అమెరికా 1993 నిబంధన ఒక హెక్టారుకు మొత్తం మీద 39 కిలోల కాడ్మియం దాకా చేరవచ్చునన్నది. దున్నే పొర హెక్టారుకు రమారమి ఇరవై లక్షల కిలోల మట్టి అనుకుంటే, అది కిలోకు సుమారు 20 మిల్లీగ్రాములు అవుతుంది. కాడ్మియం ఒకటే, మనిషి మూత్రపిండం ఒకటే. జపాన్‌లో గని నీళ్ల ద్వారా వరిలో చేరిన కాడ్మియం ఎముకలు విరిచిన ఇతాయి-ఇతాయి వ్యాధిని 1968లో ఆ ప్రభుత్వమే అంగీకరించింది. అయినా రెండు ఖండాల్లో రెండు హద్దులు. ఎంత ప్రమాదాన్ని ఎవరు భరించాలనే నిర్ణయం ప్రయోగశాల ఒంటరిగా చేసేది కాదు.

ఒక నిజం ఒప్పుకోవాలి. 1970ల తర్వాత కర్మాగారాలు తమ వ్యర్థాన్ని ముందే శుద్ధిచేసి వదలాలని కట్టడి చేసిన దేశాల్లో మడ్డిలోని లోహాలు బాగా తగ్గాయి. అంటే ఈ విషం విధిలిఖితం కాదు. కాలువలోకి ఎవరు ఏం వదలవచ్చో సమాజం శాసిస్తే మడ్డి మారుతుంది. అయితే పరిశ్రమ కొత్త విషాలు కనిపెట్టినంత వేగంగా నిబంధనలు కదలవు. నీటికీ నూనెకూ అంటని పూతల్లో వాడే, ఎన్నటికీ కుళ్లని ఫ్లోరిన్ రసాయనాలు మడ్డి ద్వారా పొలాలకు, పాలకు, బావులకు చేరాయని తేలాక, 2022లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం పొలాల్లో మడ్డి వేయడాన్నే నిషేధించింది.

మన దేశంలో ఈ చరిత్రకు ఒక ముడి అదనంగా ఉన్నది. అది కులం. మలం మట్టికి చేరాలని లీబిగ్, హ్యూగో, మార్క్సు రాసినప్పుడు దాన్ని ఎవరు మోయాలన్న ప్రశ్న వాళ్ల ముందు మనకున్నట్లుగా లేదు. ఇక్కడ ఆ పనిని పుట్టుకకు కట్టేశారు. 1920లలో ఆల్బర్ట్ హోవర్డ్ ఇందూరులో రూపొందించిన కంపోస్టు పద్ధతి, 1939లో సి. ఎన్. ఆచార్య బెంగుళూరులో రూపొందించిన పద్ధతి శాస్త్రీయంగా విలువైనవి. రెండోదాన్ని పురపాలక సంఘాలు ఊరి చెత్తనూ మలాన్నీ గుంతల్లో ఎరువుగా మార్చడానికి వాడాయి. కాని ఆ గుంతల దాకా మలం నడిచి రాలేదు. దళిత స్త్రీల నెత్తిమీది తట్టల్లో వచ్చింది. పాకీపనిని నిషేధిస్తూ మన దేశంలో మొదటి కేంద్ర చట్టం వచ్చింది 1993లో, అమెరికాలో మడ్డి నిబంధన వచ్చిన సంవత్సరమే. 2013లో మరో చట్టం చేయవలసి వచ్చిందంటే మొదటిది ఎంత అమలైందో వేరే చెప్పనక్కరలేదు. కోలారు బంగారు గనుల్లో ఆ పనిచేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పోరాటానికి నాయకుడయ్యాడు. కనుక 'పాత రోజుల్లో మనవాళ్లు అంతా మట్టికే ఇచ్చేవారు' అని మురిసిపోయే వ్యాసం ఎవరైనా రాస్తే, ఆ 'మనవాళ్లు' ఎవరో అడగాలి.

ఇక హైదరాబాదు. 1908 వరద తర్వాత మూసీకి ఎగువన గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. నగరం పెరిగిన కొద్దీ దిగువ మూసీలో వేసవిలో పారేది ప్రధానంగా మురుగే అయింది. ఆ నీటినే కత్వల మీదుగా కాలువలకు మళ్లించి దిగువ గ్రామాల రైతులు వరి, ఆకుకూరలు, నగరపు బర్రెలకు పారా గడ్డి పండించారు. ఆ నీళ్లతో యూరియా ఆదా అవుతుంది. ఆ నీళ్లలో కాళ్లు పెట్టే రైతుల్లో కొంకిపురుగుల వ్యాధి ఎక్కువని 2008లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. ఎరువు, రోగం ఒకే కాలువలో వచ్చాయి. చాలదన్నట్లు, పటాన్‌చెరు మందుల, రసాయనాల కర్మాగారాల వ్యర్థజలాన్ని కొంత శుద్ధిచేసి, గొట్టం వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. పారిస్ నూరేళ్లలో తెలియక చేసిన పనిని మనం తెలిసి చేశాం. విడివిడిగా ఉంచవలసిన రెండు ప్రవాహాలను ప్రజాధనంతో కలిపాం.

ఈ చరిత్రను చదివి రెండు తప్పుడు నిర్ణయాలకు రావచ్చు. మురుగు విషం కనుక పొలానికి ఏదీ తిరిగి వెళ్లకూడదు అనేది ఒకటి. అట్లా అయితే గనిలో తవ్విన భాస్వరాన్ని ఓడల్లో దిగుమతి చేసుకొని, వాడి, సముద్రంలో పారబోస్తూ ఉండాలి. తిరిగి ఇవ్వడమే పుణ్యం కనుక ఏది ఇచ్చినా రైతు తీసుకోవాలి అనేది రెండోది. వోబర్న్ మళ్లు, పియెర్లే మైదానం దానికి జవాబు. పేగు మళ్లీ అతకాలి, కాని కర్మాగారం విషం ఆ పేగులోకి రాకూడదు, మలాన్ని మనిషి చేతులతో ఎత్తకూడదు, తన నేలలో ఏం పడుతున్నదో తెలుసుకొని వద్దనే హక్కు రైతుకు ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే అది తిరిగి ఇవ్వడం. ఏ ఒక్కటి లేకపోయినా అది నగరం తన చెత్తను పల్లె మీద పోయడమే, దానికి ఎంత చక్కని పేరు పెట్టినా సరే.

రోథామ్‌స్టెడ్ సీసాల్లో దాచిన మట్టి లేకపోతే వోబర్న్ సంగతి బయటపడేది కాదు. మూసీ కింద గడ్డి కోసిన స్త్రీల అనుభవాలు, మురుగు కాలువలో దిగి తిరిగిరాని మనుషుల పేర్లు, చేను రుచి మారిందని చెప్పిన ముసలి రైతు మాట — వీటిని ఊరి పేరుతో, సంవత్సరంతో సహా దాచవలసిన సీసా సాహిత్యమే. హ్యూగో కథ ఆపి లెక్క చెప్పడానికి సిగ్గుపడలేదు. మనం కూడా సిగ్గుపడవలసిన పనిలేదు.